గురుబారి పెద్దమ్మ కాళ్ళ కట్టెలు

మొన్న కట్టెల అడితికి వెళ్ళాను. మా అమ్మాయి వంట కిరసనాయిలు స్టవ్వు మీదే చేస్తుంది కాని, నాకు మాత్రం కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్ళు పోసుకుంటేనే స్నానం చేసినట్టుంటుంది. అడితి ఆసామి కాటాలోకి కట్టెలు విసురుతున్నాడు. ఒక చింతకట్టె ఇంకోదాని మీద పడి 'ఠంగు'మంది. లోపలిదాకా ఎండిన కట్టె తప్ప అలా పలకదు. ఆ చప్పుడు చెవిన పడ్డాక నా చేతులు ఊరుకోలేదు. చేతికొక కట్టె పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, ఒకదానితో ఒకటి కొట్టి చూడడం మొదలుపెట్టాను. 'ఠంగు'మన్నవి కాటాలో వేస్తున్నాను, 'డుబ్బు'మన్నవి అవతల పారేస్తున్నాను. ఆసామి కాసేపు ఓపిక పట్టి, "ఏటి బాబూ, కట్టెలు కొంటావా, భజన సేత్తావా?" అన్నాడు. వెనక నిలబడ్డవాళ్ళంతా నవ్వారు. నాకు కోపం రాలేదు. ఈ భజన నాకు నేర్పిన మనిషిని చూసి, నలభై ఏళ్ళ కిందట నేనూ ఇలాగే నవ్వాను.

ఆమె పేరు గురుబారి. గురువారం నాడు పుట్టింది కాబట్టి ఆ పేరు. కొండ మీద చాలామందికి అలా పుట్టిన వారమే పేరు. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాడిని. పందొమ్మిది వందల ఇరవైల మాట ఇది. అప్పటికి అరకు వైపు రైలు లేదు. మా క్రైస్తవ సంఘంవాళ్ళు నన్ను కొండ మీద బడికి మేష్టరుగా వేస్తే, కొత్తగా పెళ్ళయిన నేనూ, మా ఆవిడ శాంతమ్మా శృంగవరపుకోట దాకా ఎడ్లబండిలో వచ్చి, అక్కడినుంచి నడిచి ఘాటీ ఎక్కి, బొర్రా దాటి ఇంకా పైకి పోయాం. ఇరవై గడపల ఊరు. మా ఇంటికి పక్క గోడ గురుబారి పెద్దమ్మది. అప్పటికే ఆమెకు అరవై దాటి ఉంటాయి. చెక్కు చెదరని పళ్ళు, ముక్కుకు మూడు పుడకలు, ఎవరినీ లెక్కచెయ్యని నోరు. ఊళ్ళో పురుళ్ళు పోసేది ఆమే, తగువులు తీర్చేది ఆమే, తగువులు పెట్టేదీ ఎక్కువగా ఆమే.

మేం వెళ్ళింది ఆశ్వయుజంలో. వానలు ఇంకా వెనక్కి పోలేదు. రాబోయే చలికి కట్టెలు దాచుకోమని అందరూ చెబితే, చదువుకున్నవాణ్ణి కదా, నాకు తెలియని విషయమా అనుకున్నాను. మా బొబ్బిలి వైపు కట్టెలంటే వంటకే, చలికి కాదు. అయినా తడవకుండా దాచడమే గదా ఎక్కడైనా, అనుకుని పచ్చికట్టెలన్నీ గోడకు ఆనించి, సూది దూరే సందు లేకుండా పేర్చాను. పైన తాటాకు చాప, చాప మీద గోనెపట్టా, దాని మీద మా పెళ్ళినాటి పాత దుప్పటి. అంచులు లోపలికి దోపి, పురిటిబిడ్డకు చేసినట్టు చేశాను. పెద్దమ్మ కంచె అవతల నిలబడి చుట్ట కాలుస్తూ అంతా చూసింది.

"కట్టెలకి దుప్పటి కప్పినావేటి మేస్టరా? జొరమొచ్చినాదా వాటికి?" అంది.

నేను చిన్నగా నవ్వి, గాలి తగలకుండా ఎలా దాచాలో ఆమెకు విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విని వెళ్ళిపోయింది. నెల తిరిగాక చలి మొదలైంది. ఊరంతా చూస్తుండగా దుప్పటి తీశాను. కట్టెల నిండా తెల్లగా, గుండ్రంగా, అరచేతి వెడల్పున పుట్టగొడుగులు. పెద్దమ్మ వచ్చి వంగి చూసి, రెండు కోసి కొంగులో వేసుకుని, "కూర బాగానే పండించినావు. మరి కట్టెలేయి?" అంది. ఆ మాట ఆ సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాడు బడిలో పలకల మీద 'అ' రాయమంటే ఇద్దరు పుట్టగొడుగు గీశారు.

ఆ మార్గశిరంలో మా ఇంట్లో వేడి కంటే పొగ ఎక్కువ. శాంతమ్మ కళ్ళు ఎప్పుడు చూసినా ఎర్రగా ఉండేవి. పుట్టింటి మీద బెంగ అనుకుని రెండు రోజులు నేను ఓదార్చాను కూడా. ఒకనాడు పెద్దమ్మ వారపు సంతకు పోయింది. ఆమె చూరు కింద, రాళ్ళ మీద ఎత్తుగా, నడుం ఎత్తున పేర్చిన కట్టెల వరస ఒకటి ఉండేది. ఎప్పుడూ ముట్టుకోగా చూడలేదు. ముసలి మనిషి, పొయ్యిలోకి వాడుకోవడం లేదు, మరిచిపోయి ఉంటుంది, నాలుగు తీసుకుని తర్వాత నాలుగు పెట్టేద్దాం అనుకున్నాను. ఎడమవైపు కొసన ఉన్న నాలుగు చింతకట్టెలు లాగి, పొయ్యిలో పెట్టాను. కొండెక్కాక మొదటిసారి మేమిద్దరం కళ్ళు నులుముకోకుండా స్నానాలు చేశాం. తల తుడుచుకుంటుంటే బయటినుంచి కేక వినబడింది.

"ఓలమ్మో! నా కాళ్ళేయి?"

పరుగెత్తుకు వెళ్ళాను. పెద్దమ్మ సంత బుట్ట నెత్తి మీదే ఉండగా చూరు కింద వెతుకుతోంది. పడిపోయిందేమో, కాళ్ళకేమైనా అయిందేమో అని చూస్తే రెండు కాళ్ళ మీదా గట్టిగానే నిలబడి ఉంది. నా తడి తల చూసింది, మా పొగగూటి వైపు చూసింది.

"నువ్వేనా? ఎడం పక్కవి తీసినావా? అయ్యి నా మోకాళ్ళ కిందవి మేస్టరా! నా కాళ్ళు కాల్సి నీళ్ళోసుకున్నావేటి?"

అప్పుడు తెలిసింది. అవి ఆమె తన చావు కోసం దాచుకున్న కట్టెలు. వాళ్ళలో చనిపోయినవాళ్ళను నిప్పుకిస్తారు. ఇంటికో కట్టె తెచ్చి ఇవ్వడం ఆనవాయితీ. ఆమె మొగుడు ముసురు వానల్లో పోయాడు. ఇంటికో కట్టె వచ్చింది, కాని ఊరంతా ఏరి ఏరి తమ కుప్పలో పచ్చిదే తెచ్చి ఇచ్చింది. "బతికినన్నాళ్ళూ ఏ పనైనా సగంలో ఇడిసే మనిషే. సచ్చినాక కూడా సగమే కాలినాడు," అంది పెద్దమ్మ. ఆ అవమానం తనకు జరగకూడదని అప్పటినుంచీ తన కట్టెలు తానే దాచుకుంటోంది. ఎడమ కొసన కాళ్ళకు, ఆ పైన నడుముకు, తర్వాత గుండెకు, కుడి కొసన తలకు. ఏటేటా వేసవిలో కొత్త కట్టె ఎండబెట్టి, వానలకు ముందే పాత వరస తీసి పొయ్యిలో పెట్టి, కొత్తది పేర్చేది. పేర్చాక నడుం మీద చెయ్యి వేసుకుని, "ఈ ఏడూ సావలేదు," అనేది. అందులో దిగులు ఉండేది కాదు.

నేను తలొంచుకుని, నాలుగు కట్టెలు తెచ్చిస్తానన్నాను. "నీ పుట్టగొడుగుల కట్టె నా కాళ్ళకెట్టకు. నేర్సుకుని ఇయ్యి," అంది. ఆ రోజునుంచి ఎక్కడ కనబడినా ఇదే మాట. బడి వసారాలో ఎక్కాలు చెబుతుంటే దారిన పోతూ, "మేస్టరా, నా కాళ్ళు ఎప్పుడిత్తావు?" ఆదివారం ప్రార్థన నుంచి బయటికి వస్తుంటే, "నా కాళ్ళ సంగతి మీ దేవుడికి సెప్పినావా?" ఒకసారి కింద నుంచి బడి చూడడానికి వచ్చిన మా సంఘం పెద్దాయన ఎదుటే అడిగింది. ఆయన ఆమె కాళ్ళ వైపూ నా వైపూ చాలాసేపు మార్చి మార్చి చూశారు. నేను పిల్లల్ని ఎక్కాలు గట్టిగా చదవమన్నాను.

ఫాల్గుణంలో చదువు మొదలైంది. మేష్టరు నేను, చదువు నాది. తెల్లవారగానే గొడ్డలి భుజాన వేసుకుని పెద్దమ్మ ముందు, నేను వెనక. ఇప్ప చెట్టు మీద గొడ్డలి వెయ్యకూడదు, అది తిండి పెట్టే చెట్టు. తునికి వద్దు. "ఆ కట్టెకి నోరెక్కువ. సిటపట సిటపట. ఎచ్చన తక్కువ, ఊసులెక్కువ. నీలాగే," అంది. మద్ది మంచిది, చింత మరీ మంచిది. కొట్టి తెచ్చాక వెంటనే పేర్చనిచ్చేది కాదు, చీల్చి ఎండలో పారబోయించేది. పేర్చేటప్పుడు కింద రాళ్ళు, బెరడు పైకి, కట్టెకూ కట్టెకూ మధ్య సందు. నా అలవాటు కొద్దీ నేను సందులు మూస్తుంటే చేతి మీద కొట్టేది. "గాలి సుట్టం లాంటిది. ఒచ్చేదారి, పోయేదారి రెండూ ఉంచాల. మూసేత్తే లోపలే కూకుని కుళ్ళబెట్టేత్తాది." ఆఖరి పాఠం చెవిది. రెండు కట్టెలు కొట్టించి, "ఏటంతన్నాది?" అని అడిగేది. ఎంతసేపు విన్నా నాకు రెండూ ఒక్కలాగే వినబడేవి. ఈ వయసులో ఈవిడ కట్టెలతో ఊసులాడుతోందని నవ్వు వచ్చింది. ఆ నవ్వే నేను మొదట చెప్పింది. వైశాఖం వచ్చేసరికి ఒకరోజు ఉన్నట్టుండి తేడా తెలిసింది. పచ్చిది గొంతులో కఫం ఉన్నవాడిలా పలుకుతుంది, ఎండింది గుడి గంటలా. ఆ రోజు నేను పరీక్ష పాసైనప్పటికంటే ఎక్కువ సంతోషపడ్డాను.

ఆ రోజుల్లోనే ఒకసారి అలసిపోయి కూర్చుని ఉండగా, "మీవోళ్ళు సావుకి ఏ కట్టె దాసుకుంతారు?" అని అడిగింది. మేం కాల్చం, పూడుస్తాం అని చెప్పాను. నోట్లో చుట్ట తీసేసింది.

"మట్టిలోనా? సలెయ్యదేటి మీవోళ్ళకి?"

నేను సందు దొరికింది కదా అని, అంత్యదినాన బూర మోగడం, మృతులు లేవడం, అంతా చెప్పాను. పెద్దమ్మ చివరిదాకా విని, "లెగడం తరవాత సంగతి. అందాకా సలి మాటేటి?" అంది. మూడేళ్ళు బైబిలు చదువుకున్నవాణ్ణి, గొడ్డలి తీసుకుని మళ్ళీ కట్టెల మీద పడ్డాను.

వానలకు ముందు ఆమె చూరు కింద కొత్త వరస నేనే పేర్చాను. కాళ్ళ చోట ఏడు చింతకట్టెలు పెట్టాను. నాలుగు అప్పు, మూడు వడ్డీ. ఒక్కొక్కటీ కొట్టి చూసుకుని, "కాళ్ళు బాగా కుదిరినాయి. పాతవాటికన్నా మేలు," అంది. ఆ పొగడ్త నా తలకెక్కింది. మా ఇంటి కట్టెలు చూరు కింద పేరిస్తే ఎవరికి కనబడతాయి? బడికి ఎదురుగా, నలుగురూ నడిచే దారి పక్కన, కొండవాలు అంచున, నిలువెత్తున కట్టాను. పైన గడ్డి కప్పు. పొరుగూళ్ళవాళ్ళు కూడా ఆగి చూసి పోయేవారు. పెద్దమ్మ మాత్రం చుట్టూ తిరిగి పెదవి విరిచింది. "అందం దారంట పోయేవోళ్ళకి, ఎచ్చన ఇంట్లోవోళ్ళకి. ఇంటికి దగ్గిరగా ఎట్టు మేస్టరా. ఆ గుంటకి నెలలు నిండతన్నాయి." గుంట అంటే శాంతమ్మ. వింటేగా నేను.

కార్తీకంలో తుఫాను పట్టింది. మొదటి రోజే గాలి నా గడ్డికప్పు ఎత్తుకుపోయింది. రెండోరోజు కొండవాలు మీదనుంచి వచ్చిన వరద కట్టెలన్నిటినీ కింద పారే గెడ్డవాగులోకి తోసేసింది. నా పేరు మోసిన కట్టెలు తేలుకుంటూ పోతుంటే కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. అయిదు రోజులు వాన ఆగలేదు. ఊళ్ళోవాళ్ళు అటకల మీద దాచుకున్న కాస్తా ఆ అయిదు రోజుల్లో అయిపోయింది. ఆరోరోజు పొద్దున్న వాన ఆగి, ఎముకలు కొరికే గాలి మొదలైంది. అదే పొద్దున్న, ఇంకా మూడు వారాలు ఉందనగా, శాంతమ్మకు నొప్పులు వచ్చాయి. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. కుందేలుపిల్లంత ఉంది. ఒళ్ళు నీలం. ఏడవలేదు. పురుడు పోసిన పెద్దమ్మ బిడ్డను తన గుండెకు అదుముకుని, "నిప్పేదీ? మేస్టరా, బేగి నిప్పు సెయ్యి!" అని కేకేసింది. నా దగ్గర ఉన్నవి నీళ్ళు కారుతున్న నాలుగు కొమ్మలు. ఊదాను, ఊదాను, పొగ తప్ప రాలేదు. నా బిడ్డ నా డాబుసరికి చచ్చిపోతోందని అర్థమై, పొయ్యి ముందు కూలబడి ఏడ్చాను.

పెద్దమ్మ బిడ్డను శాంతమ్మ ఒళ్ళో పెట్టి బయటికి పోయింది. తిరిగొచ్చేసరికి చంకలో చింతకట్టెలు. లెక్కపెట్టక్కర్లేదు, ఏడు.

"పెద్దమ్మా, అవి నీ..."

"నా కాళ్ళే. నువ్వు పేర్సినవే. తప్పుకో," అంది.

నిమిషంలో మంట లేచింది. పొగ లేదు. పెద్దమ్మ బిడ్డను ఆ వేడికి పట్టి అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది. ఎంతసేపు గడిచిందో తెలియదు. ఒంటి రంగు మారింది. తర్వాత ఒక చిన్న ఏడుపు, పిల్లి కూతంత. పెద్దమ్మ నా వైపు తిరిగి, "ఇన్నావా? ఎండిన కట్టె లాగ పలికినాది," అంది. నేను ఏడుస్తూనే నవ్వాను.

ఆ నిప్పు ఆరకుండా ఉండాలి. ఎండ రావడానికి ఇంకా నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ పెద్దమ్మ తనను తాను వరసగా తెచ్చి మా పొయ్యిలో పెట్టింది. కాళ్ళయ్యాక నడుము. నడుమయ్యాక గుండె. అది పెడుతూ, "ఇది కాత్త ఎక్కువసేపు కాల్తాది," అంది. నాలుగో రోజు కుడి కొసన ఉన్నవి మాత్రం మిగిలాయి. శాంతమ్మ పక్కలోంచి లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దు పెద్దమ్మా. తలకైనా ఉంచుకో."

"తల్లో ఏటున్నాదే గుంటా, పేలు తప్ప?" అని అవి కూడా పెట్టేసింది.

పాపకు మేం కరుణ అని పేరు పెట్టాం. పెద్దమ్మ మాత్రం కట్టెల గుంట అనే పిలిచేది. "ఈ గుంట నన్ను మొత్తం తినేసినాది. మళ్ళీ యేసవి కట్టె ఎండేదాకా నానిప్పుడు సావడానికి లేదు," అని ఊరంతా చెప్పుకుంది. అన్నంత పనీ చేసింది. ఆ చలికాలమంతా అడుగు తీసి అడుగు వేస్తే ఒట్టు. జారుడు దారి మొహం చూడలేదు. ఎప్పుడూ వద్దనే శాంతమ్మ మిరియాల కషాయం దగ్గు రాకముందే వచ్చి అడిగి తాగేది. నేనైతే రోజూ ప్రార్థన చివర, "ప్రభువా, వైశాఖం దాకా," అని రహస్యంగా కలిపేవాణ్ణి. వైశాఖంలో కొత్త వరస పేర్చాక ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని, "ఈ ఏడూ సావలేదు," అంది. ఆ మాట వినడానికి అంత ఆనందం ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

ఇంకో మూడు వరసలు మార్చాక, ఒక శ్రావణంలో, నాలుగు రోజులు జ్వరపడి పోయింది. బయట సరిగ్గా ఆమె మొగుడు పోయినప్పటి ముసురే. ఆనవాయితీ ప్రకారం ఇంటికో కట్టె వచ్చింది. చేత్తో పట్టుకుంటేనే తెలుస్తోంది అన్నీ పచ్చివే. నేను వాటిని మర్యాదగా తీసుకుని అంచున పెట్టించాను. చూరు కింది వరస తియ్యబోతే ఊరి పెద్ద, "ఏది ఎక్కడెట్టాల?" అని అడిగాడు. అందరూ నా వైపు చూశారు. ఆ ఊళ్ళో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మాలో చావుకు నిప్పు పెట్టరు, సంఘంవాళ్ళకు తెలిస్తే ఏమంటారో కూడా తెలియదు. అయినా ఒక్కొక్క కట్టె కొట్టి విని, నా చేతులతోనే పేర్చాను. గాలికి వచ్చేదారీ పోయేదారీ ఉంచాను. నాలుగేళ్ళ కరుణ ఒక చిన్న చింతపుల్ల తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది. తుంపర పడుతూనే ఉంది. మంట మాత్రం ఒక్కసారి కూడా తగ్గలేదు. పెద్దమ్మ సగంలో ఆగలేదు.

మొన్న అడితి నుంచి రిక్షా నిండా కట్టెలు తెచ్చుకున్నాను. ఆసామి చెప్పినట్టు భజన చేసి ఏరుకున్నవి. పెరట్లో చూరు కింద, ఇంటికి దగ్గరగా, రాళ్ళ మీద, బెరడు పైకి పెట్టి పేర్చుకుంటున్నాను. పొయ్యికి కావలసినవి ఒక పక్క, ఎవరినీ ముట్టుకోనివ్వని వరస ఒకటి ఇంకో పక్క. కరుణ మెట్ల మీద కాఫీ గ్లాసుతో నిలబడి, ఏటేటా చూస్తున్నదే అయినా ఈసారి అడిగేసింది.

"ఈ వరస ఎవరి కోసం నాన్నా? మనకి ఎలాగూ మట్టే కదా?"

చేతిలో కట్టెను పక్క కట్టెతో కొట్టి చూశాను. ఠంగుమంది. ఎడమ కొసన పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని అన్నాను.

"సలెయ్యదేటి?"